గర్భధారణలో అత్యవసర శస్త్రచికిత్సలు

గర్భిణీ స్త్రీకి కాన్పుతో నేరుగా సంబంధం లేని వ్యాధి లేదా గాయం వల్ల వెంటనే ఆపరేషన్ చేయవలసిన పరిస్థితి ఏర్పడినపుడు చేసే చికిత్సలను '''గర్భధారణలో అత్యవసర శస్త్రచికిత్సలు''' అంటారు. ఉండుకపు వాపు (అపెండిసైటిస్), పిత్తాశయపు వాపు, ప్రేగుల అవరోధం, అండాశయం మెలిక పడడం, ప్రమాదాలలో తగిలే గాయాలు వీటికి ముఖ్యమైన కారణాలు. సిజేరియన్ ఆపరేషన్, గర్భాశయం వెలుపల గర్భం వంటి ప్రసూతి సంబంధమైన అత్యవసర స్థితులను సాధారణంగా ఈ వర్గంలో చేర్చరు. అయితే కడుపునొప్పితో వచ్చిన గర్భిణిని పరీక్షించే వైద్యుడు రెండు వర్గాలనూ దృష్టిలో ఉంచుకోవలసి ఉంటుంది.

ప్రతి వంద మంది గర్భిణులలో సుమారు ఒకరు లేదా ఇద్దరికి గర్భధారణ కాలంలో ప్రసూతితో సంబంధం లేని ఏదో ఒక శస్త్రచికిత్స అవసరమవుతుందని అంచనా. ఈ చికిత్సలో వైద్యుని ఎదుట ఇద్దరు రోగులు ఉంటారు: తల్లి, గర్భస్థ శిశువు. తల్లి ప్రాణాన్ని కాపాడడమే శిశువును కాపాడడానికి మొదటి మార్గమన్నది ఈ రంగంలో మూలసూత్రం. గర్భవతి అన్న కారణంతో అవసరమైన ఆపరేషన్‌ను ఆపడం గాని, ఆలస్యం చేయడం గాని తగదని అమెరికా ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల కళాశాల 2019లో వెలువరించిన అభిప్రాయ పత్రంలో స్పష్టం చేసింది.

== చరిత్ర ==

1848లో లండన్ నగరంలోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో హెన్రీ హాన్‌కాక్ అనే శస్త్రవైద్యుడు, గర్భిణిగా ఉండగా కడుపునొప్పి ప్రారంభమై నెలలు నిండకుండానే ప్రసవించిన ఒక స్త్రీకి ఉదరం తెరచి చీమును బయటకు తీశాడు. ఆమె కోలుకుంది. అప్పటికి అపెండిసైటిస్ అన్న పేరే లేదు. 1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ వ్యాధిని సమగ్రంగా వర్ణించి ఆ పేరు పెట్టాడు.

1908లో బాబ్లర్ అనే అమెరికా వైద్యుడు గర్భిణులలో ఉండుకపు వాపును గురించి రాస్తూ, ఈ మరణాలకు అసలు కారణం వ్యాధి కన్నా చికిత్సలో జరిగే ఆలస్యమేనని తేల్చాడు. నూరేళ్ళు దాటినా ఈ విషయాన్ని వైద్య విద్యార్థులకు ఇప్పటికీ బోధిస్తున్నారు.

1932లో బేర్, అతని సహచరులు గర్భిణులకు బేరియం ఇచ్చి ఎక్స్‌రేలు తీసి, గర్భం పెరిగేకొద్దీ ఉండుకం క్రమంగా పైకి జరుగుతుందని ప్రకటించారు. పాఠ్యపుస్తకాలన్నీ దీనిని చాలాకాలం అనుసరించాయి. తరువాతి పరిశోధనలలో ఈ కదలిక అందరిలోనూ అంతగా ఉండదని తేలింది.

1946లో న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్, మత్తులో ఉన్న గర్భిణుల జీర్ణాశయంలోని ఆమ్లద్రవం ఊపిరితిత్తులలోకి వెళ్ళడం వల్ల కలిగే ప్రమాదాన్ని వివరించాడు. గర్భిణులకు మత్తు ఇచ్చే పద్ధతిలో దీనివల్ల పెద్ద మార్పులు వచ్చాయి.

1980లో జర్మనీలోని కీల్ నగరంలో కర్ట్ సెమ్ లాపరోస్కోపీ ద్వారా ఉండుకాన్ని తొలగించాడు. మొదట గర్భిణులకు ఈ పద్ధతి పనికిరాదని భావించేవారు. 1990 దశకం నుండి ఆ అభిప్రాయం మారుతూ వచ్చింది.

== గర్భిణి శరీరంలో జరిగే మార్పులు ==

గర్భధారణలో శరీరంలో కలిగే సహజమైన మార్పులు కొన్ని వ్యాధులను పోలి ఉంటాయి, మరికొన్ని వ్యాధులను కప్పిపుచ్చుతాయి. రోగనిర్ణయం కష్టం కావడానికి ఇదే ప్రధాన కారణం.

* '''రక్త ప్రసరణ:''' రక్తపు పరిమాణం 40 నుండి 50 శాతం వరకు పెరుగుతుంది. ఎర్రకణాల కన్నా ప్లాస్మా ఎక్కువగా పెరగడం వల్ల రక్తం పలచబడి రక్తహీనత ఉన్నట్లు కనిపిస్తుంది. ఈ అదనపు రక్తం కారణంగా, గాయపడిన గర్భిణి తన రక్తంలో దాదాపు మూడవ వంతు కోల్పోయే వరకు రక్తపోటు పడిపోకపోవచ్చు. ఆ లోపల శరీరం గర్భాశయానికి వెళ్ళే రక్తాన్ని తగ్గించి తల్లిని నిలబెడుతుంది. అందువల్ల తల్లి బాగున్నట్లు కనిపిస్తున్న సమయంలోనే శిశువు ప్రమాదంలో పడవచ్చు.
* '''వెల్లకిలా పడుకున్నపుడు:''' ఇరవై వారాలు దాటిన తరువాత బరువైన గర్భాశయం వెనుకనున్న అధో మహాసిరను, బృహద్ధమనిని నొక్కుతుంది. గుండెకు చేరే రక్తం తగ్గి కళ్ళు తిరగడం, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి.
* '''శ్వాస:''' ప్రాణవాయువు అవసరం సుమారు 20 శాతం పెరుగుతుంది. ఊపిరితిత్తులలో నిలువ ఉండే గాలి మాత్రం అంత మేరకు తగ్గుతుంది. శ్వాస ఆగితే గర్భిణి రక్తంలో ప్రాణవాయువు చాలా వేగంగా పడిపోతుంది.
* '''జీర్ణవ్యవస్థ:''' ప్రొజెస్టెరాన్ ప్రభావంతో అన్నవాహిక చివర ఉన్న కండరపు పట్టు సడలుతుంది, ప్రేగుల కదలిక మందగిస్తుంది. వాంతులు, కడుపు ఉబ్బరం, మలబద్ధకం సాధారణంగానే ఉంటాయి.
* '''రక్తకణాలు:''' తెల్ల రక్తకణాల సంఖ్య ఆరోగ్యవంతురాలైన గర్భిణిలో కూడా 16,000 వరకు ఉండవచ్చు. కాన్పు నొప్పుల సమయంలో 20,000 దాటవచ్చు. కనుక ఈ సంఖ్య ఒక్కటే చూసి చీము పట్టిందని నిర్ధారించలేరు.
* '''రక్తం గడ్డకట్టడం:''' గడ్డకట్టించే పదార్థాలు పెరగడం వల్ల కాళ్ళ సిరలలో రక్తపు గడ్డలు ఏర్పడే అవకాశం మామూలు స్త్రీలలో కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. ఆపరేషన్ తరువాత మంచం మీదే ఉండిపోతే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.
* '''ఉదరం:''' గర్భాశయం 12 వారాలకు కటి ఎముకకు పైగా, 20 వారాలకు బొడ్డు దాకా, 36 వారాలకు రొమ్ము ఎముక కింది కొన దాకా పెరుగుతుంది. ఉదరపు గోడ సాగి, వాచిన అవయవానికి దూరమవుతుంది. అందువల్ల ఉదరంలో చీము ఉన్నప్పటికీ పొట్ట చెక్కలా బిగుసుకుపోకపోవచ్చు.

== ముఖ్యమైన కారణాలు ==

=== ఉండుకపు వాపు ===

తెలుగునాట దీనిని '24 గంటల నొప్పి' అని కూడా అంటారు. గర్భిణులకు చేసే ప్రసూతేతర అత్యవసర శస్త్రచికిత్సలలో ఇది అన్నిటికన్నా ఎక్కువ. సుమారు 800 నుండి 1,500 గర్భాలలో ఒకరికి ఇది వస్తుంది. గర్భం వల్ల ఈ వ్యాధి ఎక్కువ కాదు, కాని గుర్తించడంలో ఆలస్యం వల్ల ఉండుకం పగలడం గర్భిణులలో ఎక్కువగా జరుగుతుంది.

నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటలలో కుడివైపు కింది భాగానికి చేరడం దీని సహజ లక్షణం. ఆకలి మందగించడం, వాంతులు, కొద్దిపాటి జ్వరం తోడవుతాయి. ఉండుకం పైకి జరుగుతుందన్న పాత సిద్ధాంతాన్ని బట్టి చివరి నెలలలో నొప్పి కుడి పక్కటెముకల కింద ఉంటుందని చెప్పేవారు. నిజానికి ఏ నెలలోనైనా ఎక్కువమందిలో నొప్పి కుడివైపు కింది భాగంలోనే ఉంటుంది. కొందరిలో మాత్రం పైన గాని, నడుము వైపు గాని ఉండవచ్చు.

ఇక్కడ వైద్యునికి రెండు వైపులా ప్రమాదం ఉంది. ఆలస్యం చేస్తే ఉండుకం పగిలి చీము ఉదరమంతా వ్యాపిస్తుంది. పగలని దశలో ఆపరేషన్ చేస్తే గర్భం పోయే అవకాశం తక్కువ. పాత పరిశీలనలలో, పగిలిన తరువాత ఇది 20 నుండి 36 శాతం దాకా ఉన్నట్లు నమోదైంది. అలాగని అనుమానం రాగానే అందరికీ ఆపరేషన్ చేయడం కూడా సరికాదు. కాలిఫోర్నియా రాష్ట్రపు ఆసుపత్రుల రికార్డులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఉండుకం తొలగించిన 3,133 మంది గర్భిణులలో 23 శాతం మందికి ఉండుకం బాగానే ఉన్నట్లు తేలింది. గర్భనష్టం మామూలు వాపు ఉన్నవారిలో 2 శాతం, ముదిరిన వాపు ఉన్నవారిలో 6 శాతం కాగా, వ్యాధి లేకుండానే ఆపరేషన్ జరిగినవారిలో 4 శాతం ఉంది. అనవసరపు ఆపరేషన్ కూడా నిరపాయకరం కాదని దీనివల్ల తెలుస్తుంది. ఈ కారణంగానే వీలైన చోట ఆపరేషన్‌కు ముందు స్కానింగ్ ద్వారా నిర్ధారించుకోవడానికి ప్రాధాన్యం పెరిగింది.

=== పిత్తాశయ వ్యాధులు ===

రెండవ స్థానం వీటిది. ఈస్ట్రోజెన్ వల్ల పైత్యరసంలో కొలెస్టెరాల్ పెరుగుతుంది. ప్రొజెస్టెరాన్ వల్ల పిత్తాశయం సరిగా ముడుచుకోక పైత్యరసం నిలువ ఉండిపోతుంది. ఈ రెండింటి ఫలితంగా రాళ్ళు ఏర్పడతాయి. చాలామందిలో ఇవి ఏ బాధా కలిగించవు. రాయి పిత్తాశయపు మెడలో ఇరుక్కున్నపుడు భోజనం తరువాత కుడి పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి వచ్చి వీపు వైపు, కుడి భుజం వైపు పాకుతుంది.

పూర్వం కాన్పు అయ్యేవరకు మందులతో నెట్టుకొచ్చేవారు. కాని అలా వదిలిన వారిలో నొప్పి మళ్ళీ మళ్ళీ వచ్చి ఆసుపత్రిలో చేరవలసి రావడం ఎక్కువ. అందువల్ల బాధ కలిగిస్తున్న పిత్తాశయాన్ని లాపరోస్కోపీ ద్వారా గర్భధారణలోనే తొలగించడం ప్రస్తుతం ఆమోదం పొందిన పద్ధతి. రాయి జారి పైత్యనాళాన్ని మూసివేస్తే కామెర్లు, క్లోమపు వాపు రావచ్చు. అటువంటప్పుడు ఎండోస్కోపు ద్వారా, శిశువుకు రేడియేషన్ వీలైనంత తక్కువగా తగిలేలా జాగ్రత్త తీసుకుంటూ రాయిని తొలగిస్తారు. క్లోమపు వాపుకు చాలావరకు ఆపరేషన్ లేకుండానే చికిత్స చేస్తారు.

=== ప్రేగుల అవరోధం ===

గతంలో జరిగిన ఆపరేషన్ల వల్ల ఏర్పడిన అతుకులు దీనికి ప్రధాన కారణం. ప్రేగు మెలిక పడడం రెండవది. మామూలు వారితో పోలిస్తే గర్భిణులలో ఇది ఎక్కువ. బరువు తగ్గడానికి జీర్ణాశయపు బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలలో ప్రేగు లోపలి సందులలో చిక్కుకోవడం మరొక కారణం. గర్భాశయం కటి నుండి పైకి లేచే 16–20 వారాలలో, శిశువు తల కిందికి దిగే 32–36 వారాలలో, కాన్పు అయిన వెంటనే, అంటే గర్భాశయం పరిమాణం త్వరగా మారే సమయాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

కడుపునొప్పి, వాంతులు, మలబద్ధకం మూడూ గర్భిణులలో మామూలే కాబట్టి ఈ వ్యాధిని వేవిళ్ళని పొరబడే అవకాశం ఉంది. మొదటి మూడు నెలలు దాటిన తరువాత కొత్తగా మొదలైన వాంతులను, ముఖ్యంగా పసరు వాంతులను, వేవిళ్ళుగా భావించకూడదు. 1992లో ప్రచురితమైన 66 మంది రోగుల సమీక్షలో తల్లుల మరణాలు 6 శాతం, శిశు మరణాలు 26 శాతం ఉన్నాయి. ప్రేగుకు రక్తప్రసరణ ఆగిపోక ముందే ఆపరేషన్ చేయడం అవసరం.

=== అండాశయం మెలిక పడడం ===

అండాశయంలో తిత్తి ఉన్నపుడు, లేదా సంతానలేమి చికిత్సలో ఇచ్చే మందుల వల్ల అండాశయం పెద్దదైనపుడు అది తన కాడ చుట్టూ మెలిక పడవచ్చు. గర్భం మొదటి నెలలలో, కుడివైపున ఇది ఎక్కువ. హఠాత్తుగా ఒకవైపు తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తాయి. అండాశయం నల్లబడినట్లు కనిపించినా మెలిక విప్పితే చాలాసార్లు కోలుకుంటుంది గనుక దానిని తీసివేయకుండా కాపాడడానికే ప్రయత్నిస్తారు. గర్భాన్ని తొలి వారాలలో నిలిపేది అండాశయంలోని పీత దేహం. పది వారాల లోపు దానిని తొలగించవలసి వస్తే, మాయ ఆ పనిని చేపట్టేవరకు ప్రొజెస్టెరాన్ మందుగా ఇవ్వాలి.

=== గాయాలు ===

రోడ్డు ప్రమాదాలు, జారిపడడం, గృహహింస వల్ల గర్భిణులకు గాయాలు తగులుతాయి. పైకి చిన్నదిగా కనిపించే దెబ్బకు కూడా మాయ గర్భాశయపు గోడ నుండి విడిపోవచ్చు. అందువల్ల పొట్టకు దెబ్బ తగిలిన గర్భిణికి నెలలు ముదిరి ఉంటే, ఏ లక్షణాలూ లేకపోయినా కనీసం నాలుగు గంటలపాటు శిశువు గుండె చప్పుడును, గర్భాశయపు సంకోచాలను గమనిస్తారు. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షను ఇస్తారు. కారులో ప్రయాణించే గర్భిణి సీటు బెల్టు తప్పక పెట్టుకోవాలి. అడ్డు పట్టీ పొట్ట మీద కాక, పొట్ట కింద తొడల పైభాగాన ఉండాలి.

=== అరుదైన కారణాలు ===

ప్లీహానికి వెళ్ళే ధమని ఉబ్బి పగలడం అరుదైనా చాలా ప్రమాదకరం. జీర్ణాశయపు పుండు పగలడం, కాలేయంలో రక్తస్రావం, మెదడులో రక్తస్రావం, గుండె కవాటాల వైఫల్యం కూడా అత్యవసర శస్త్రచికిత్సకు దారితీయవచ్చు.

== రోగ నిర్ణయం ==

కడుపునొప్పితో వచ్చిన గర్భిణిలో శస్త్రవైద్యుడు ముందుగా ప్రసూతి సంబంధమైన కారణాలను పరిశీలించాలి. తొలి నెలలలో అండవాహికలో గర్భం, గర్భస్రావం. తరువాతి నెలలలో మాయ విడిపోవడం, నెలలు నిండని నొప్పులు, గుర్రపువాతంతో కూడిన కాలేయపు వ్యాధి, కంతులు కుళ్ళడం వీటిలో ముఖ్యమైనవి. మూత్రపిండాల చీము, మూత్రనాళంలో రాళ్ళు, గర్భాశయపు బంధనాలు సాగడం వల్ల వచ్చే మామూలు నొప్పి కూడా ఇలాగే కనిపిస్తాయి. వాచిన ఉండుకం మూత్రనాళానికి దగ్గరగా ఉంటే మూత్రంలో చీము కణాలు కనిపించవచ్చు. అందువల్ల మూత్ర పరీక్ష ఫలితం ఒక్కదానినే చూసి ఉండుకపు వాపు లేదని అనుకోరాదు.

'''అల్ట్రాసౌండ్''' మొదటి పరీక్ష. ఇందులో రేడియేషన్ ఉండదు. పిత్తాశయంలోని రాళ్ళు, అండాశయపు తిత్తులు, శిశువు పరిస్థితి దీనివల్ల తెలుస్తాయి. గర్భం పెరిగేకొద్దీ ఉండుకం కనిపించడం కష్టమవుతుంది. ఉండుకం కనిపించలేదంటే వ్యాధి లేదని అర్థం కాదు.

'''ఎం.ఆర్.ఐ.''' అల్ట్రాసౌండ్‌లో తేలనపుడు ఉపయోగపడుతుంది. ఇందులోనూ రేడియేషన్ ఉండదు. గర్భిణులకు గాడోలినియం అనే రంగుమందు ఇవ్వకుండా ఈ పరీక్ష చేస్తారు.

'''ఎక్స్‌రే, సీ.టీ. స్కాన్''' అంటే గర్భిణులు భయపడడం సహజం. కాని శిశువుకు తగిలే రేడియేషన్ 50 మిల్లీగ్రేల లోపు ఉంటే అవయవ లోపాలు పెరిగినట్లు ఆధారాలు లేవు. తల్లి ఛాతీ ఎక్స్‌రే వల్ల శిశువుకు చేరేది 0.01 మిల్లీగ్రే కూడా మించదు. ఉదరపు సీ.టీ. స్కాన్ వల్ల చేరేది సాధారణంగా 35 మిల్లీగ్రేల లోపే. పెద్ద ప్రమాదంలో గాయపడినపుడు, ఇతర పరీక్షలు అందుబాటులో లేనపుడు, తల్లి ప్రాణం కోసం సీ.టీ. స్కాన్ చేయడానికి వెనుకాడకూడదు.

== చికిత్స ==

=== తొలి చర్యలు ===

గర్భిణిని ఎడమవైపుకు కొద్దిగా, సుమారు 15 డిగ్రీలు, ఒరిగి ఉండేలా పడుకోబెట్టాలి. ప్రాణవాయువు ఇవ్వాలి. సిర ద్వారా ద్రవాలు ఎక్కించి, ఉపవాసంలో ఉంచి, రక్తం వర్గం తెలుసుకోవాలి. గర్భం ఎన్ని వారాలదో నిర్ధారించి శిశువు గుండె చప్పుడును నమోదు చేయాలి. శస్త్రవైద్యుడు, ప్రసూతి వైద్యుడు, మత్తు వైద్యుడు, శిశువైద్యుడు ముందుగానే కలిసి నిర్ణయం తీసుకోవాలి. శిశువు బయట బతకగల నెలలలో ఉంటే, నవజాత శిశువులకు ప్రత్యేక సంరక్షణ ఉన్న ఆసుపత్రిలో ఆపరేషన్ చేయడం మేలు.

=== ఎప్పుడు చేయాలి ===

* తప్పనిసరి కాని ఆపరేషన్లను కాన్పు అయ్యేవరకు వాయిదా వేస్తారు.
* అవసరమే గాని తొందర లేని వాటిని వీలైతే నాలుగు నుండి ఆరు నెలల మధ్య చేస్తారు. అప్పటికి అవయవాలు ఏర్పడడం పూర్తయి ఉంటుంది, నెలలు నిండని కాన్పు భయం కూడా తక్కువ.
* అత్యవసరమైన వాటిని ఏ నెలలోనైనా వెంటనే చేయాలి.

=== మత్తు ===

వీలైన చోట వెన్నులో ఇచ్చే మత్తును ఎంచుకుంటారు. పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తే ముందుగా ప్రాణవాయువును బాగా పీల్పించి, జీర్ణాశయపు ఆమ్లాన్ని తగ్గించే మందు ఇచ్చి, త్వరగా శ్వాసనాళంలో గొట్టం అమరుస్తారు. గర్భిణులలో గొంతు లోపలి పొరలు ఉబ్బి ఉండడం వల్ల గొట్టం అమర్చడం కష్టం. ప్రస్తుతం వాడుకలో ఉన్న మత్తుమందులు మామూలు మోతాదులో శిశువుకు అవయవ లోపాలు కలిగిస్తాయనడానికి ఆధారాలు లేవు. తల్లి రక్తపోటు, ప్రాణవాయువు పడిపోకుండా చూడడం మందు ఎంపిక కన్నా ముఖ్యం.

=== లాపరోస్కోపీ ===

ఈ పద్ధతిని గర్భధారణలో ఏ దశలోనైనా చేయవచ్చునని అమెరికా ఎండోస్కోపీ శస్త్రవైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోత చిన్నది, నొప్పి తక్కువ, రోగి త్వరగా లేచి నడవగలుగుతుంది. గర్భాశయానికి దెబ్బ తగలకుండా మొదటి రంధ్రాన్ని గర్భాశయపు పైఅంచుకు దూరంగా చేస్తారు. ఉదరంలోకి పంపే బొగ్గుపులుసు వాయువు ఒత్తిడిని 10–15 మిల్లీమీటర్ల పాదరసానికి మించనివ్వరు. ఆ వాయువు రక్తంలో పెరిగితే శిశువుకు హాని కనుక తల్లి వదిలే గాలిలో దాని స్థాయిని నిరంతరం కొలుస్తారు. చివరి నెలలలో చోటు చాలనపుడు, లేదా పరికరాలు, అనుభవం లేనిచోట, మామూలు కోతతో చేసే ఆపరేషనే సురక్షితం.

=== శిశువు సంరక్షణ ===

ఆపరేషన్‌కు ముందు, తరువాత శిశువు గుండె చప్పుడును తప్పక పరీక్షిస్తారు. బయట బతకగల వయసులో ఉంటే సంకోచాలను కూడా గమనిస్తారు. నెలలు నిండని కాన్పు జరిగే సూచనలుంటే, 24–34 వారాల మధ్య శిశువు ఊపిరితిత్తులు పరిపక్వం కావడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. నొప్పులు మొదలు కాకుండానే ముందు జాగ్రత్తగా నొప్పులను ఆపే మందులు ఇవ్వడం వల్ల ప్రయోజనం కనబడలేదు. శస్త్రచికిత్స చేశామన్న కారణంతోనే సిజేరియన్ కూడా చేయనవసరం లేదు.

=== మందులు, తరువాతి జాగ్రత్తలు ===

పెనిసిలిన్, సెఫలోస్పోరిన్ వర్గపు మందులను గర్భిణులకు ఇవ్వవచ్చు. టెట్రాసైక్లిన్ ఇవ్వరు. నొప్పికి పారాసెటమాల్ వాడతారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి 20 వారాల తరువాత ఉమ్మనీరును తగ్గించగలవు, చివరి నెలలలో శిశువు గుండె వద్ద ఉన్న ధమనీనాళాన్ని ముందుగానే మూసివేయగలవు. అందుచేత వాటిని మానుకోవాలి. రక్తపు గడ్డలు ఏర్పడకుండా కాళ్ళకు ఒత్తిడి పట్టీలు, అవసరాన్ని బట్టి హెపారిన్ ఇస్తారు. రోగిని త్వరగా నడిపిస్తారు.

== గుండె ఆగినపుడు ==

గర్భిణికి గుండె ఆగిపోతే మామూలుగానే ఛాతీని నొక్కుతూ, మరొకరు గర్భాశయాన్ని చేతులతో ఎడమవైపుకు జరిపి పట్టుకోవాలి. గర్భాశయం బొడ్డు దాకా పెరిగి ఉంటే, నాలుగు నిమిషాలలో గుండె తిరిగి కొట్టుకోనపుడు, రోగి ఉన్నచోటనే సిజేరియన్ మొదలుపెట్టి ఐదవ నిమిషానికి శిశువును బయటకు తీయాలని సూచిస్తారు. అమెరికాలో 1986లో ప్రతిపాదించిన ఈ నియమం శిశువు కోసం మాత్రమే కాదు. గర్భాశయం ఖాళీ అయితే గుండెకు రక్తం తిరిగి చేరి తల్లి బతికే అవకాశం కూడా పెరుగుతుంది.

== శిశువుపై ప్రభావం ==

స్వీడన్‌లో 1973–1981 మధ్య జరిగిన 7,20,000 కాన్పుల రికార్డులలో, గర్భధారణలో ఆపరేషన్ జరిగిన 5,405 మందిని మాజ్, కాలెన్ అనే పరిశోధకులు పరిశీలించి 1989లో ఫలితాలు ప్రచురించారు. అవయవ లోపాలు గాని, మృత శిశు జననాలు గాని పెరగలేదు. తక్కువ బరువుతో పుట్టడం, పుట్టిన వారంలోపు మరణించడం మాత్రం పెరిగాయి. ఆపరేషన్‌కు దారితీసిన వ్యాధి కూడా దీనికి కొంత కారణం కావచ్చు.

2016లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ, చివరి మూడు నెలలలో మూడు గంటలకు మించి లేదా పదేపదే మత్తు ఇస్తే శిశువు మెదడు ఎదుగుదలపై ప్రభావం ఉండవచ్చునని హెచ్చరించింది. ఇది ప్రధానంగా జంతువులపై జరిగిన పరిశోధనల ఆధారంగా చేసిన హెచ్చరిక. అవసరమైన ఆపరేషన్‌ను దీనివల్ల ఆపకూడదని వైద్య సంఘాలు తెలిపాయి.

== ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ==

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పల్లెలలోని రోగులు పెద్ద ఆసుపత్రికి చేరడానికి, ఆపరేషన్ ఖర్చు భరించడానికి తోడ్పడ్డాయి.

లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన కేంద్ర చట్టం ప్రకారం, భారతదేశంలో గర్భిణికి అల్ట్రాసౌండ్ పరీక్షను నమోదైన కేంద్రంలోనే చేయాలి, నిర్ణీత పత్రాన్ని నింపి భద్రపరచాలి. కడుపునొప్పి కోసం చేసే పరీక్షకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. అయితే ఇది చికిత్స కోసం చేసే పరీక్షకు అడ్డంకి కాదు.

కడుపునొప్పి వచ్చిన గర్భిణికి ఇంట్లో ఆముదం పట్టడం, 'వేడి చేసింది' అని సరిపెట్టుకోవడం, దొంగనొప్పులని భావించి ఎదురుచూడడం పాత అలవాట్లు. విరేచనకారి మందు వాచిన ఉండుకం పగలడానికి దోహదం చేయవచ్చు. ఆముదం గర్భాశయపు సంకోచాలను కూడా ప్రేరేపించవచ్చు. కనుక కారణం తెలియని కడుపునొప్పికి దీనిని వాడరాదు.

== వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన సూచనలు ==

* కొన్ని గంటలైనా తగ్గకుండా పెరుగుతున్న కడుపునొప్పి
* హఠాత్తుగా ఒకవైపు వచ్చిన తీవ్రమైన నొప్పి
* నొప్పితో పాటు జ్వరం లేదా చలి
* పసరు వాంతులు, ఆగని వాంతులు, గాలి కూడా పోని మలబద్ధకం
* రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం
* శిశువు కదలికలు తగ్గడం
* కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం, భుజంలో నొప్పి
* పొట్టకు ఎటువంటి దెబ్బ తగిలినా

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు గర్భిణి ఆరోగ్య కార్డును, పాత స్కానింగ్ రిపోర్టులను వెంట తీసుకువెళ్ళాలి. చివరి బహిష్టు తేదీ, రక్తం వర్గం, గతంలో జరిగిన ఆపరేషన్లు తెలిస్తే వైద్యులకు చాలా సమయం కలిసి వస్తుంది. దారిలో రోగిని వెల్లకిలా కాక ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వైద్యుడు చూసేవరకు ఆహారం పెట్టకపోవడం మంచిది.

== ఇవి కూడా చూడండి ==

* గర్భం
* అపెండిసైటిస్
* పిత్తాశయం
* సిజేరియన్ ఆపరేషన్
* లాపరోస్కోపీ
* 108 అంబులెన్సు సేవ